ఆపడం తెలిసిన స్వర్ణలత

మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేటకు పోయే తోవలో ఒక సర్కారు దవాఖాన ఉంది. ఊరి పేరుతో మనకు పని లేదు. ఆ దవాఖానలో ఆరేళ్ళపాటు, సెలవు దినాలు మినహాయించి, ప్రతి ఉదయం ఒక సర్వరును మొదలుపెట్టి, ప్రతి సాయంత్రం దాన్ని ఆపిన మనిషి స్వర్ణలత. అన్ని ఉదయాలు మొదలుపెట్టినందుకు ఆమెను మెచ్చుకున్నవారు లేరు. ఒక్క సాయంత్రం ఆపనందుకు మాత్రం ఆమె పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కింది. ఆపవద్దని చెప్పిన నోరు ఎవరిదో ఆ కాగితంలో లేదు. లేదు గనకనే ఇదంతా రాయవలసి వస్తున్నది.

ఆమె పుట్టింది నారాయణపేటలో, మగ్గం గుంట పక్కన. తండ్రి వెంకటనర్సు చీరలు నేసేవాడు. ఆయనకు రెండు పట్టింపులుండేవి. దీపం పెట్టే వేళకు పడుగు బిగువు సడలించి, మీద గుడ్డ కప్పనిదే గుంటలో నుంచి లేచేవాడు కాదు. “నడుపుడు అందరికొస్తది బిడ్డా. ఆపుడు నేర్చుకోవాలె” అనేవాడు. రెండోది ఇంకా వింత. నేతలో ఎక్కడైనా పోగు తప్పితే, ఆ తప్పు ఎదురుగా చీర అంచుకు ఒక ఎర్రదారం ముడి వేసేవాడు, కొనేవాళ్ళ కంట పడాలని.

“ఏం నర్సన్నా, నీ తప్పుకు నువ్వే జెండ ఎగరేస్తవా?” అని తోటి నేతగాళ్ళు ఎగతాళి చేసేవారు.

“నేసినోనికి తెలిసింది కట్టుకునేటోళ్ళకు తెల్వద్దా?” అనేవాడు ఆయన, తల ఎత్తకుండానే.

మరమగ్గాలు వచ్చి ఆ గుంట పూడిపోయింది. స్వర్ణలత ఇంటరు చదివి, టైపు నేర్చి, కంప్యూటరు నేర్చి, పెళ్ళయి ఇటు వచ్చింది. భర్త రాజేందర్ లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే. మగ్గం పోయిన తండ్రిని ఆమె తన దగ్గరే ఉంచుకుంది. 2016లో దవాఖానలో కాంట్రాక్టు ఆపరేటరుగా చేరింది.

అదే ఏడు ఆ దవాఖానకు తల లోపలి బొమ్మలు తీసే స్కానింగు యంత్రం వచ్చింది. రిబ్బను కత్తిరించారు, శిలాఫలకం వేశారు, ఫొటోలు దిగారు. బొమ్మను చదివే డాక్టరును మాత్రం వేయలేదు. వంటింటి నిండా గిన్నెలు తెచ్చిపెట్టి వండే మనిషిని మరిచిపోయిన పెళ్ళివారి వంటిది ఆ సర్కారు సంబరం. చివరకు దొరికిన ఉపాయం ఏమంటే, హైదరాబాదులో కూర్చున్న ఒక డాక్టరు, పదకొండు దవాఖానల బొమ్మలను తన గది నుంచే చూస్తాడు.

ఆ ఏర్పాటు చేయడానికి వచ్చిన అఖీల్ అనే కుర్ర ఇంజనీరు, రెండు రోజులు స్వర్ణలత పక్కన కూర్చుని పని నేర్పాడు. బొమ్మలూ బటన్లూ ఏమీ లేని ఒక నల్లటి తెర మీద, ఒక్క వరుస మాటలు కొట్టాలి. కొట్టగానే ఈ కంప్యూటరు లోపల కంటికి కనిపించని ఇంకో తెర పుడుతుంది. సర్వరు అంటే అదే. దానికొక నంబరు ఉంటుంది. హైదరాబాదు డాక్టరు ఆ నంబరు తలుపు తీసుకుని లోపలికి వచ్చి, అక్కడ పెట్టిన బొమ్మను చూస్తాడు. సాయంత్రం ఇంకో వరుస కొట్టి ఆ తెరను ఆపాలి. ఆపేందుకు కొట్టవలసిన ఇంగ్లీషు మాటకు అర్థం ‘చంపు’ అని.

“గిదేం మాటనయ్యా, దవాఖానల?” అంది స్వర్ణలత.

“నేను పెట్టిన పేరు కాదక్కా. పొద్దుగాల పుట్టిచ్చుడు, సాయంత్రం సంపుడు. నడుమ నీ పని నువ్వు చేసుకో” అని అఖీల్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. “ఒక్కటి యాద్వెట్టుకో. సంపకుండ ఇంటికి పోయినవనుకో, తెల్లారి మళ్ళ కొడితే రెండోది పుడ్తది. నీ బల్లమీది కంప్యూటరు కొత్తగ పుట్టినదాన్నే నీకు చూపిస్తది. డాక్టరు మాత్రం ఒకటో నంబర్లనే ఉంటడు. నువ్వొక బొమ్మ పెడ్తవ్, ఆయనింకో బొమ్మ చూస్తడు.”

“ఆపుడు నాకు చిన్నప్పటి సంది అలవాటే తీయ్” అంది ఆమె.

ఆ మాటను ఆమె ఆరేళ్ళు నిలబెట్టుకుంది. ఒక పొడుగు పుస్తకం కొని గీతలు గీసుకుంది: తేదీ, మొదలు, ఆపుట, సంతకం. ఉదయం రాగానే కీబోర్డును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. తండ్రి మగ్గానికి అట్లాగే చేసేవాడు. కళ్ళకద్దుకున్న వేళ్ళే కిందికి దిగి ఆ వరుస కొట్టేవి. దండమూ పనీ కలిసి ఒకటే కదలిక అయిపోయింది. సాయంత్రం ఆపి, సమయం రాసి, యంత్రం మీద గుడ్డ కప్పి లేచేది. ఆమె తల వెనక గోడ మీద ఒక సర్క్యులర్ అంటించి ఉండేది: “కార్యాలయ సమయము ముగిసిన వెంటనే సర్వరును విధిగా నిలిపివేయవలెను.” కింద సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి.

2022లో జిల్లా కేంద్రంలో ఒక పెద్ద తెర వెలిసింది. ఒక్కో దవాఖానకు దాని మీద ఒక్కో చుక్క. సర్వరు నడుస్తుంటే ఆకుపచ్చ, ఆగితే ఎరుపు. సాయంత్రం ఆరింటికి పెద్ద అధికారులు ఆ తెర ముందు కూర్చుని సమీక్ష జరిపేవారు. అందరూ పని ముగించి ఆపేసే వేళకు చుక్కలు లెక్కించే ఈ బుద్ధి ఎవరికి పుట్టిందో తెలియదు. రోగి బతికాడా లేదా అన్నదానికి ఆ తెర మీద ఏ రంగూ కేటాయించలేదు.

నవంబరు పదిహేనున, ఆరింటికి ఇరవై నిమిషాలుందనగా, స్వర్ణలత ఆపే వరుస కొట్టబోతుంటే సూపరింటెండెంటు ఫోను వచ్చింది.

“ఏమమ్మా స్వర్ణలతా, నిన్నగూడ మనది ఎర్రగనే ఉన్నదంట. మీటింగుల నా ఇజ్జత్ పోతాంది. ఇగ ఇయ్యాల్టి సంది ఆపకు.”

“ఆపాలెనని సర్క్యులర్ ఉన్నది సార్.”

“సర్క్యులర్ నాకు చూపిస్తవా? నేను చెప్తున్న, ఆపకు.”

“జర గా మాట ఒక కాయిదం మీద రాసియ్యున్రి సార్. పుస్తకంల పెట్టుకుంట.”

“రాసియ్యాల్నా? నువ్వేమన్న కలెక్టరమ్మవా? చెప్పింది చెయ్.”

ఫోను పెట్టేశాడు. ఆమె పుస్తకంలో ‘ఆపుట’ అన్న గడిలో సమయం రాయలేదు. “ఆపలేదు. సూపరింటెండెంటు గారు ఫోనులో చెప్పినందున” అని రాసి సంతకం చేసింది. ఆ సాయంత్రం చివరగా చూసిన బొమ్మ కురుమయ్య అనే ముసలాయనది. మెట్టు మీద జారిపడ్డాడు, తలలో ఏ దెబ్బా లేదు. ఆ బొమ్మ అట్లాగే ఒకటో నంబరు తెర మీద నిలిచిపోయింది. గుడ్డ కప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, కప్పకుండానే ఇంటికి పోయింది.

పదహారు ఉదయం తొమ్మిదీ అయిదుకు వచ్చింది. వేళ్ళు కీబోర్డును తాకాయి, కళ్ళకద్దుకున్నాయి, కిందికి దిగాయి, ఆరేళ్ళుగా కొడుతున్న వరుసే కొట్టాయి. కొత్త తెర పుట్టిందని ఒక పంక్తి వచ్చింది. దాని చివర ఒక అంకె ఉంది. ఆరేళ్ళలో ఏనాడూ అది ఒకటి కాకుండా లేదు గనక ఆమె చూపు అక్కడిదాకా పోలేదు. పుస్తకంలో “9.05 మొదలు” అని రాసింది.

పదింటికి గుర్వమ్మ వచ్చింది. పత్తి ఏరడానికి పద్నాలుగు మంది ఆడవాళ్ళను ఎక్కించుకుని పోతున్న ఆటో, రోడ్డు కింది కాలువ మోరీ దగ్గర పల్టీ కొట్టింది. మిగతావారికి గీరుకుపోయిన గాయాలే. గుర్వమ్మ తల మోరీ రాయికి తగిలింది. నెత్తురు పెద్దగా లేదు. నడిచే వచ్చింది. వెంట భర్త ఐలేశం ఉన్నాడు.

“నాకేం గాలే. తలకాయ జర దిమ్ముగున్నది, గంతే. అవుతల చేను పాడైతాంది, పోనియ్యున్రి” అంటున్నది.

స్కానింగు గదిలో పనిచేసే ఇఫ్రా ఆమెను బల్ల మీద పడుకోబెట్టింది. “జర కదలకుంట పండుకో అవ్వా.”

“కదలకుంట పండుడు నాకేడ అలవాటు బిడ్డా? గదైతే సచ్చినంకనే” అంది గుర్వమ్మ. ఇఫ్రాకు నవ్వు వచ్చింది. తలుపు దగ్గరున్న ఐలేశం కూడా నవ్వాడు.

స్వర్ణలత బొమ్మను తన ముందున్న తెర మీద పెట్టింది. ఎడమ పక్క, పుర్రె లోపలి అంచు వెంబడి, తెల్లగా నెలవంక వంటిది కనిపించింది. ఆమె డాక్టరు కాదు. కాని ఆరేళ్ళుగా బొమ్మలు చూస్తున్న కళ్ళు. హైదరాబాదుకు ఫోను చేసింది.

“సార్, తలకాయ బొమ్మ పెట్టిన.”

“చూస్తున్నానమ్మా. క్లీన్‌గా ఉంది. బ్లీడింగేమీ లేదు. పంపించేయండి.”

“సార్, ఎడమ దిక్కు అంచుకు తెల్లగ ఏదో...”

“ఇక్కడేమీ లేదు. మీరు డాక్టరా? నేనా?”

ఆయన చూస్తున్నది ఒకటో తెర. అందులో ఉన్నది కురుమయ్య తల. మూలన చిన్న అక్షరాలతో కురుమయ్య పేరూ, మగ అన్న మాటా, ముందురోజు తేదీ ఉన్నాయి. పదకొండు దవాఖానల తలలను చూసే ఆ కళ్ళకు మూలలు చూసే తీరిక లేదు. ఆ రోజు ఈ దవాఖానలో తీసిన తల బొమ్మ గుర్వమ్మది ఒక్కటే. రెండో బొమ్మ తీసి ఉంటే ఎవరో ఒకరికి అనుమానం వచ్చేదేమో.

నొప్పి గోలీలు ఇచ్చి పన్నెండింటికి గుర్వమ్మను ఇంటికి పంపారు. ఆ సాయంత్రమూ, చెప్పినట్టే, స్వర్ణలత ఆపలేదు.

పదిహేడు ఉదయం ఆమె కుర్చీలో కూర్చునేసరికే ఇఫ్రా గుమ్మంలో నిలబడి ఉంది. మొహం తెల్లబోయింది.

“అక్కా, నిన్నటి గుర్వమ్మ... రాత్రంత కక్కిందట. తెల్లారి మహబూబ్‌నగర్ తీస్కపోతుంటె తొవ్వలనే పానం పోయిందట.”

ఏమి చేయాలో తోచని స్వర్ణలత చేతులు తమకు తెలిసిన పనే చేశాయి. కీబోర్డును తాకాయి, కళ్ళకద్దుకున్నాయి, వరుస కొట్టాయి. ఈసారి ఆమె చూపు పంక్తి చివరిదాకా పోయింది. అంకె మూడు.

నడుస్తున్న తెరలన్నీ చూపించమని ఇంకో వరుస కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఒకటో తెర తెరిచింది. రెండు రోజుల కిందటి కురుమయ్య తల అక్కడ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. రెండోది తెరిచింది. తెల్లటి నెలవంకతో గుర్వమ్మ. ఆ తెర మీదికి హైదరాబాదు నుంచి ఎవరూ రానేలేదు.

ఎవరో పట్టుకునేదాకా ఆమె ఆగలేదు. తానే పోయి సూపరింటెండెంటును పిలుచుకొచ్చి చూపించింది. ఆయన రెండు బొమ్మలూ చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వేశాడు.

“బంద్ చెయ్. మూడు బంద్ చేసి, సాఫ్‌గ ఒకటి మొదలువెట్టు.”

“బంద్ చేస్తే ఒకటోదాంట్ల ఏ బొమ్మ ఉండెనో ఎవ్వరికి తెల్వది సార్. అన్ని పోతయి.”

“గందుకే చెప్తున్న.”

ఆరేళ్ళు, రోజూ ఆపిన మనిషి ఆమె. ఒక్క వరుస, ఒక్క వేలి దెబ్బ. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“మొన్న ఆపకుమన్నరు సార్, ఆపలే. ఇయ్యాల మాత్రం నేను ఆప.”

“నీ నౌకరి ఎవని చేతిలున్నదో యాదున్నదా?”

“ఉన్నది సార్.”

ఆ వరుస ఏమిటో ఆయనకు తెలియదు. ఎవరినో పిలవడానికి తన గదికి పోయాడు. ఆ పది నిమిషాలలో స్వర్ణలత అఖీల్ రాసిపెట్టిన పాత చీటీ తీసింది. ప్రతి తెరా ఎప్పుడు పుట్టిందో, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో యంత్రమే రాసుకునే చిట్టా ఎక్కడ ఉంటుందో అందులో ఉంది. రెండు పేజీలు ప్రింటు తీసింది. ఇఫ్రా తన ఫోనుతో మూడు తెరలకూ ఫొటోలు తీసి ఆమెకు పంపింది. సూపరింటెండెంటు పంపిన అటెండరు వచ్చి, తల వంచుకుని, కంప్యూటరుకు కరెంటు అందించే బ్యాటరీ పెట్టె తీగ పీకేశాడు. అంతా నల్లబడింది.

సాయంత్రం ఇఫ్రా బస్టాండు దాకా వెంట వచ్చింది. “అక్కా, మా అమ్మీ దవాఖాన ఖర్చు నా నౌకరితోనే ఎల్తాంది. ఫొటోలు నేను తీసిన్నని చెప్పకు.”

“చెప్ప. ఫికర్ చేయకు” అంది స్వర్ణలత. చెప్పలేదు కూడా.

ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. విచారణకు ముందురోజు సూపరింటెండెంటు స్వర్ణలతను పిలిపించి, ఎన్నడూ లేనిది, కూర్చోమన్నాడు. “కరెంటు పోయొచ్చింది, యంత్రం గడబిడైంది. సాంకేతిక లోపమని రాసియ్యి. నీకేం గాదు, నాకేం గాదు.”

“గుర్వమ్మకు సార్?”

“ఆమెకు అయ్యేదైపాయె. నువ్వు లేపుతవా?”

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రికి అంతా చెప్పింది. ఎనభై దగ్గర పడిన వెంకటనర్సుకు సర్వరు అంటే ఏమిటో తెలియదు. విని, ఒకే మాట అడిగాడు.

“పోగు తప్పింది నీ చేతిలనా, వాళ్ళ చేతిలనా?”

“ఇద్దరి చేతులల్ల బాపు.”

“ఇంకేం మరి. రెండు ముళ్ళెయ్యి.”

ఆమె మూడు పేజీల వాంగ్మూలం రాసింది. అడుగున కార్బను పెట్టుకుని, గట్టిగా ఒత్తి రాసింది. మొదటి పేజీలో ఫోనులో ఇచ్చిన ఆజ్ఞ, దానికి విరుద్ధంగా గోడ మీదున్న సర్క్యులర్ నంబరు, తేదీ. రెండో పేజీలో తన తప్పు: పదహారు ఉదయం అలవాటు కొద్దీ మళ్ళీ మొదలుపెట్టాననీ, అంకె చదవలేదనీ, డాక్టరు కసిరినప్పుడు పట్టుపట్టవలసింది, పట్టలేదనీ. మూడో పేజీలో డాక్టరు చూడని మూల, బంద్ చేయమన్న మాట, పీకిన తీగ. చిట్టా పేజీలూ, ఫొటోలూ, తన పుస్తకంలోని పుట నకలూ జతపరిచింది.

ఫొటోలు ఎవరు తీశారని సంఘం అడిగింది. చెప్పనన్నది. చెప్పనందున అవి సాక్ష్యానికి పనికిరావన్నారు. పుస్తకంలోని మాట ఆమె స్వయంగా రాసుకున్నది గనక అదీ పనికిరాదన్నారు. చిట్టా పేజీల గురించి అసలు మాట్లాడలేదు. సంఘం ఇచ్చిన నివేదిక ఒకటిన్నర పేజీ. అందులో ఆమె వాంగ్మూలం నుంచి ఎత్తిరాసింది ఒకే ఒక్క వాక్యం: “‘ఆ ఉదయం వచ్చిన అంకెను నేను చదవలేదు’ అని సదరు ఆపరేటరు లిఖితపూర్వకముగా అంగీకరించినందున, నిర్లక్ష్యము రుజువైనదని భావించడమైనది.” మూడు పేజీల నిజంలో నుంచి తమకు పనికొచ్చే ముక్కను మాత్రం ఏరుకున్నారు. చీరనంతా వదిలేసి ఎర్రదారాన్ని ఒక్కదాన్నే తెంపుకుపోయి, నేసినామె చేతకానితనానికి అదే రుజువన్నట్టు చూపించారు. సూపరింటెండెంటు ఊసు లేదు. హైదరాబాదు డాక్టరు ఊసు లేదు. గుర్వమ్మ పేరు కూడా లేదు. “ఒక మహిళా రోగి” అని ఉంది.

స్వర్ణలతను తీసేశారు. కొత్త మనిషి వచ్చింది. ఆపవద్దని ఆమెకు కూడా నోటితోనే చెప్పారు. గోడ మీద సర్క్యులర్ అట్లాగే ఉంది. జిల్లా కేంద్రంలో చుక్క ఆకుపచ్చగా వెలుగుతున్నది.

నివేదిక నకలు చేతికి వచ్చిన మూడో రోజున స్వర్ణలత బస్సెక్కి గుర్వమ్మ ఊరికి పోయింది. పోవద్దని రాజేందర్ ఫోనులో కోప్పడ్డాడు, “కొడ్తరు నిన్ను” అన్నాడు. ఆమె వాంగ్మూలం కార్బను నకళ్ళు సంచిలో పెట్టుకుని పోయింది.

ఐలేశం ఇంటి ముందు పత్తి నింపిన బోరెం సంచుల మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు గుర్వమ్మతో ఆటోలో ఉన్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. తాను ఎవరో ఆమె చెప్పుకుంది. నివేదిక చదివి వినిపించింది.

“గీ సర్కారు కాయిదంల ఆమె పేరేది?” అన్నాడు ఐలేశం.

“లేదన్నా.”

“నువ్వు రాసినదాంట్ల?”

“ఉన్నది. పదకొండు జాగలల్ల ఉన్నది.”

“నాకు సదువు రాదు. ఏడేడున్నదో చూపియ్యి.”

ఆమె ఒక్కొక్క చోటే వేలు పెట్టి చూపించింది. ఐలేశం ప్రతి చోటా తన బొటనవేలు ఆనించి చూశాడు. ఏడో చోట వేలు తీయలేదు.

“ఈడ ఏం రాసినవ్?”

స్వర్ణలత చదివింది. “ఆ ఉదయం వచ్చిన అంకెను నేను చదవలేదు. అందువల్లనే గుర్వమ్మ బొమ్మ డాక్టరు కంట పడలేదు.”

ఆడవాళ్ళలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“సదివితె బతుకునా?” అన్నాడు ఐలేశం.

“బతికినా బతుకు అన్నా. మధ్యాహ్నమే మహబూబ్‌నగర్ పంపెటోళ్ళు.”

అతడు మిగిలిన నాలుగు చోట్లూ చూపించమన్నాడు. చూశాడు. మూడు కాగితాలనూ మడిచి, లోపలికి పోయి, గుర్వమ్మ ఆధారు కార్డు పెట్టిన రేకు డబ్బాలో వేశాడు. మూత పెట్టిన చప్పుడు బయటికి వినిపించింది. మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

“కాయిదం ఉండనియ్యి” అన్నాడు. “నువ్వు మాత్రం మల్ల రాకమ్మా.”

ఆమె సరేనన్నట్టు తల ఊపి, చెప్పులు తొడుక్కుని, మోరీ దాటి బస్సు ఆగే చోటికి నడిచింది.